సాల్మన్ సారు తొట్టి

ఊరివాళ్ల ఒప్పుదల కోసం మోతెకుంటకు వెళ్లిన నీటిపారుదల శాఖ ఇంజనీరు సాల్మన్ ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. తీగలవాగు మీద, దుబ్బపేట దగ్గర, అతడు కట్టించిన ఆనకట్ట ఇప్పటికే ఒకటి ఉంది. ఎగువన మోతెకుంట మడుగు మొదట్లో రెండోది కట్టాలన్నది శాఖ తలంపు. మడుగు పాడు కాకుండా ఏం చేస్తారని అనుమతుల కమిటీ అడిగినప్పుడు శాఖ దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: దుబ్బపేటలో చేసినట్టే చేస్తాం. అక్కడ ఆనకట్ట పక్కన చేపలు ఎక్కిపోవడానికి సాల్మన్ సిమెంటు మెట్లు కట్టించాడు. తొలి వరదకు గోదావరి నుంచి ఎదురెక్కి వచ్చే చేపలు ఆ మెట్ల మీదుగా మడుగుకు చేరి, జమ్ముగడ్డిలో గుడ్లు పెట్టాలి. చేరుతున్నాయని కమిటీ ముందు నిలబడి చెప్పవలసినవాడు సాల్మన్. అతడు చెబితే అనుమతి వస్తుంది. రెండో ఆనకట్ట లేస్తుంది.

మోతెకుంట చేపల సంఘానికి పెద్ద జమున. ఆమె అతడిని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది గానీ మాట ఇవ్వలేదు. "మిరుగం నాడు పొద్దుగాల మీ మెట్ల కాడికి రాండ్రి సారూ. నేనూ వస్త. ఇద్దరం నిలవడి సూద్దాం. గటెన్క మీరేం జెప్తే గదే మా ఊరి మాట" అన్నది.

కమిటీ రావలసిందీ మిరుగం నాడే. ఆ రోజును ఎంచింది సాల్మనే.

మిరుగం అంటే మృగశిర కార్తె ప్రవేశించే రోజు; ఆ రోజు చేప ఉడకని పొయ్యి ఆ ప్రాంతంలో తక్కువ. ఎండాకాలం ఒంటినుంచి దిగిపోయి వానాకాలం ఒంట్లోకి ఎక్కే పూట అది. ఆ పూట చేప తింటే ఏడాదంతా ఆయాసం రాదని పెద్దల మాట. ఈసారి రోహిణిలోనే వానలు దిగాయి. ఆ పొద్దున సాల్మన్ దుబ్బపేటకు జీపులో బయలుదేరాడు. జీపు మెట్‌పల్లి దాటేసరికి రోడ్డు పక్కన గోనెసంచుల మీద చేపలు పరిచిన ఆడవాళ్లు, బేరాలు, కత్తిపీటల చప్పుడు. ఊరు దాటాక ఎర్రమట్టి వాసన.

జీపు నడుపుతున్నవాడు భానుప్రసాద్. ఆనకట్ట బాగోగులు చూసే ఏఈ. సాల్మన్ కంటే వయసులో పెద్ద, హోదాలో చిన్న. ఆ తేడాను ఇద్దరూ మర్యాదతో దాటుకుంటూ వస్తున్నారు.

"జమునమ్మ అచ్చుడు ఖాయమేనా సార్?"

"వస్తానన్నది."

"మెట్ల కాడికంటె ముందు మనం మడుగు దిక్కు పోయి ఒకపారి సూసుకుంటె మంచిగుంటుండె" అన్నాడు భానుప్రసాద్, చూపు రోడ్డు మీదినుంచి తీయకుండా. "కమిటీ అచ్చెటాలకు ఇంక టైమున్నది గద."

సాల్మన్ భోజనాల ఏర్పాటు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. షామియానా పడిందని, వంట సిద్దిరాములు చూసుకుంటున్నాడని భానుప్రసాద్ చెప్పాడు.

ఆనకట్ట దగ్గర జాతరలా ఉంది. గట్టు మీద షామియానా గాలికి ఉబ్బుతోంది. మూడు రాళ్ల పొయ్యిల మీద గంజులు. పిల్లలు తడిసి, అరుస్తూ, తిట్లు తింటూ. వాళ్లందరి నడుమనుంచి పంచె ఎగగట్టి, తలకు తువ్వాల చుట్టి, రెండు చేతులూ చాచి వచ్చాడు సిద్దిరాములు. దుబ్బపేట సంఘానికి అతడే అధ్యక్షుడు.

"రాండ్రి రాండ్రి సారూ! పెండ్లికొడుకు రాకముందే తలంబాలు అయితయేమో అని పరేషానైతున్న. ఏమయ్యా భానుప్రసాదూ, బండి నడిపినవా, బర్రెను తోలుకొచ్చినవా?"

"నీ రోడ్డుకు బర్రె అయితెనే మంచిది" అన్నాడు భానుప్రసాద్.

సిద్దిరాములు నవ్వి సాల్మన్ చేయి పట్టుకున్నాడు. "ముందుగాల నీ తొట్టి సూడు. గటెన్క చాయ్."

ఆనకట్ట కుడి అంచున, వాగు అడుగునుంచి పైదాకా, ఒకదాని మీద ఒకటిగా సిమెంటు తొట్లు. ఒక్కో తొట్టి గోడకు ఒక సందు. పైనుంచి నీళ్లు ఆ సందుల్లోంచి దూకుతాయి. చేప ఆ దూకుడుకు ఎదురు ఎగిరి పై తొట్టిలో పడాలి. నట్టనడుమ ఒక తొట్టి మిగతావాటికంటే వెడల్పు, లోతు. అక్కడ నీటికి వేగం ఉండదు. అలిసిన చేప ఆగి ఊపిరి తీసుకోవడానికి కట్టింది అది. మెట్లన్నింటిలోకీ సాల్మన్‌కు ప్రియమైంది అదే. ఊరివాళ్లు దాన్ని సాల్మన్ సారు తొట్టి అంటారు. ఆ సంగతి తెలిసిన రోజు ఇంటికి వెళ్లి, జనానికి పనేం లేదన్నట్టుగా భార్య ఏంజెల్‌తో చెప్పి నవ్వాడు. నవ్వు చాలినంత పెద్దది కాదు. సంతోషం దాని అంచులు దాటి కనిపించింది. "ఇంకొకసారి చెప్పండి" అని ఆమె ఆటపట్టించింది.

ఇప్పుడు ఆ తొట్టిలో నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. వీపులు, తోకలు, తెల్లని కడుపులు. పై మెట్టుకు పోయే సందులో ఒక వెదురుబుట్ట బిగించి ఉంది. దాని మూతి సందు కొలతకు సరిగ్గా అల్లింది. పక్కన వేలు దూరేంత చోటు కూడా లేదు. చేప ఒకటి ఎగిరి సందులో పడింది, బుట్టలోకి జారింది, బుట్ట అదిరింది. గట్టు మీది పిల్లలు ఈలలు వేశారు.

"సూడు సారూ" అన్నాడు సిద్దిరాములు. అతని ముఖం నిండా గర్వం. దాచుకోవలసినది ఏదీ అందులో లేదు. "రవ్వలు, వాలుగలు, పరకలు. నువ్వు జెప్పినట్టె. అలిసి వస్తయి, గీడ ఆగుతయి. ఆగినంక మల్ల లేసేది గీ సందుకెల్లే గద. సందుకు బుట్ట వెడితె అయిపాయె. వల వద్దు, తెప్ప వద్దు, నీళ్లల్ల దిగుడె వద్దు."

"ఇది ఎప్పటినుంచి?"

"ఎప్పటికెల్లి ఏంది సారూ! నువ్వు రిబ్బను కోసినకాడికెల్లి. ఆ పొద్దు నువ్వు తిన్న చేప గూడ గీ తొట్టిదే గద. మర్సినవా?"

మరవలేదు. అదే ఇప్పుడు కష్టంగా ఉంది.

ప్రారంభోత్సవం నాడు దుబ్బపేట వాళ్లను మెట్ల చుట్టూ కూర్చోబెట్టి, సాల్మన్ సుద్దముక్కతో గోడ మీద చేప దారిని గీశాడు. ఎక్కడ దూకుతుందో, ఎక్కడ అలుస్తుందో, ఎక్కడ ఆగుతుందో బాణాలు వేసి చూపించాడు. "ఎదురీదే ప్రాణికి నడుమ ఆగే చోటొకటి ఉండాలి. అదే ఈ తొట్టి" అన్నాడు. అంటున్నప్పుడు తన గొంతు తనకే గంభీరంగా వినిపించింది. చప్పట్లు మోగాయి. చేపలను కాపాడడం నేర్పుతున్నానని అతడు అనుకున్నాడు. ఎదుట కూర్చున్నవాళ్లు తాతల కాలంనుంచి చేపలు పట్టేవాళ్లు. చేప ఎక్కడ ఆగుతుందో చూపించినవాడి మాటను వాళ్లు ఇంకెలా వింటారు?

ఆ తర్వాత భోజనం. సాల్మన్ తండ్రి మిషన్ చర్చిలో పాస్టరుగా పనిచేసినవాడు. ప్రార్థన లేకుండా ముద్ద ఎత్తడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బయట ఉన్నప్పుడు సాల్మన్ దాన్ని మనసులోనే ముగించేవాడు. ఆ రోజు ఎవరో "పైకే చేయండి సార్, మేమూ వింటాం" అన్నారు. లేచి, కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ నీళ్లలోనుండి నీవు మాకు దయచేసిన ఈ ఆహారమును బట్టి నీకు స్తోత్రము" అన్నాడు. నుదుట బొట్టున్నవాళ్లు కూడా తలలు వంచారు. వడ్డించిన ముక్కలో కడుపు నిండా గుడ్లు ఉన్నాయి. బాగుందని రెండోసారి వేయించుకున్నాడు. ఏంజెల్ కోసం ఇంటికీ కట్టించుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి మిరుగానికీ ఐసు పెట్టెల్లో హైదరాబాద్ ఆఫీసులకు చేపలు వెళ్లాయి. పంపింది సాల్మనే. సిద్దిరాములుకు ఫోను చేసి "చేపలు వస్తున్నాయా?" అని అడిగేవాడు. "మస్తు వస్తున్నయి సారూ" అని అతడు నిజమే చెప్పేవాడు. ఆ నిజమే మెట్లు పనిచేస్తున్నాయన్న మాటగా పై అధికారులకు చేరింది. వచ్చినవి ఎటు పోతున్నాయని ఒకరూ అడగలేదు.

మంచి చేయాలన్న కోరికలో, మంచి చేసినవాడిగా కనిపించాలన్న కోరిక ఎంతపాలు కలిసి ఉంటుంది? పాలలో నీళ్లు కలిసినట్టే. కలిపినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు కలిపినవాడికీ తెలియదు.

"ఏంది సారూ, మనసు మంచిగ లేదా? ముఖం గట్ల పెట్టినవ్" అన్నాడు సిద్దిరాములు.

ఎగువ గట్టు మీదినుంచి జమున దిగి వచ్చింది. చంకలో ఖాళీ అల్యూమినియం బేసిను. మోకాళ్లదాకా తడిసిన చీర. ఆమె సాల్మన్ ముఖం వైపు చూడలేదు. అతని చెప్పుల వైపు చూస్తూ, "పైకి పోదాం రాండ్రి" అన్నది.

నడుమ తొట్టి దగ్గర ఉన్న సందడి అన్నిటికంటే పై మెట్టు దగ్గర లేదు. ఆవల తీగలవాగు వెడల్పుగా, మట్టిరంగులో, నిశ్శబ్దంగా మెట్లలోకి దిగుతోంది. ఇద్దరూ నిలబడి చూశారు. ఒక మోదుగాకు తేలుతూ వచ్చి సందులో పడి కిందికి పోయింది. నురుగు వచ్చింది, పోయింది. కిందినుంచి పైకి వచ్చింది ఏదీ లేదు. సాల్మన్ ఇంకొంచెం సేపు చూశాడు. ఒక్క పరక పిల్ల కనిపించినా దాన్ని పట్టుకుని తన మాటను నిలబెట్టుకునేంత ఆశ అతనిలో అప్పటికీ ఉంది. ఆ ఆశ ఉన్నందుకు కూడా సిగ్గనిపించింది.

"సూసిండ్రా?"

"చూశాను."

"గిదే సూపిద్దామనుకున్న. నోటితోని జెప్తే ఓర్వలేని ఏడ్పు అంటరు." జమున బేసిను కింద పెట్టింది. "పొద్దుగాల్ల మా ఊళ్లెకు ఐసు చేపల లారీ అచ్చింది సారూ. సముద్రం దిక్కుకెల్లి. మా సంఘమోళ్లే లైను గట్టి కొన్నరు. మిరుగం నాడు చేప వండకుంటె ఎట్ల? మా అత్త ముట్టనన్నది. చేపలోళ్ల ఇంట్ల కొన్న చేపనా అని అన్నం ముంగట పెట్టుకోని కూసున్నది. ఆమెకు ఏం జెప్పాలె?"

జమున ఎగువకు చేయి చూపింది.

"మడుగుల జమ్ము అట్లనే ఉన్నది. నీళ్లు అట్లనే ఉన్నయి. కొంగలు అస్తయి, సూస్తయి, పోతయి. మీ రెండో కట్ట గట్టినంక గా నీళ్లు గూడ ఉండయి. మల్ల గక్కడ గూడ మెట్లు గడుతరట. ఎవలు ఎక్కుతందుకు సారూ? మేమా?"

ఆమె నవ్వలేదు. అతడు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వడానికి కూడా ఒక హక్కు ఉండాలి.

సిద్దిరాములు వాళ్ల వెనకే ఎక్కి వచ్చాడు. "నా కోడలు నీకు పంచాది వెట్టిందా సారూ? మా చెల్లె బిడ్డ. చిన్నప్పటికెల్లి నోరు గింతే. గా నోటికి భయపడే మోతెకుంటకు ఇచ్చినం, జర దూరమని."

"దూరమిచ్చి, దారి గూడ బందువెట్టినవ్ మామా" అన్నది జమున.

"నేను బందువెట్టిన్నా? అరె! మా తాత మిరుగానికి బుట్ట వెట్టలేదా? మీ తాత వెట్టలేదా? గంగమ్మ ఇచ్చేది, మనం తినేది. కొత్తగ నేనేం జేసిన?"

"అప్పుడు వాగు గీ ఒడ్డుకెల్లి గా ఒడ్డు దాంక ఉండె. నువ్వు పది బుట్టలు వెట్టినా పక్కకెల్లి వెయ్యి చేపలు పోయేటియి. ఇప్పుడు ఒక్కటే దర్వాజ. గా దర్వాజకు నువ్వు మూతి వెట్టినవ్."

సిద్దిరాములు తలకు చుట్టిన తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు. అప్పుడు అతడు ముసలివాడిగా కనిపించాడు. "కట్ట గట్టినంక మా కింది దిక్కు ఇసుకలు ఎండినయి బిడ్డా. మేం పుచ్చతీగలు వెట్టుకునే దుబ్బలు పాయె. చేపలు నిలిచే గుండాలు పాయె. మాకు మిగిలింది గీ తొట్టి. ఇడువుమంటే ఏం తినాలె?" అతడు సాల్మన్ వైపు తిరిగాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, కేవలం లెక్క తేల్చుకోవడం ఉంది. "కట్ట గట్టింది నువ్వు. దారి జేసింది నువ్వు. చేప యాడ ఆగుతదో గీత గీసి సూపిచ్చింది నువ్వు. నువ్వే జెప్పు సారూ, తప్పు ఎవలది?"

ఇంతసేపూ సాల్మన్ తనను తాను ఒక మెట్టు పైన నిలబెట్టుకుని చూస్తున్నాడు: ఇద్దరి తగవు మధ్య నలిగిన మంచివాడిగా. ఆ మెట్టు కూడా ఇప్పుడు కాలి కిందినుంచి జారింది. ఈ మామాకోడళ్ల నడుమ తగవు వాగు పెట్టింది కాదు, ఆకలి పెట్టింది కాదు. సుద్దముక్క పెట్టింది.

"నాది" అన్నాడు. ఆ మాట అతడు అనుకున్నంత బరువుగా రాలేదు. నీళ్ల చప్పుడులో సిద్దిరాములుకు వినబడిందో లేదో.

జమున అప్పటికే బేసిను తీసుకుని దిగిపోతోంది. నడుమ తొట్టి అంచున కూర్చుని, నడుందాకా నీళ్లలో దిగి, బుట్టను రెండు చేతులా పట్టి లాగింది. గట్టు మీద కేకలు లేచాయి. సిద్దిరాములు అడ్డం ఉరికి రెండో వైపు పట్టుకున్నాడు.

"ఇడువు జమునా! కమిటీ మేడం వాళ్ల వంటకు అవి!"

"నువ్వు ఇడువు మామా!"

"సిగ్గు లేదా, ఇంతమందిల?"

"సిగ్గు నాకెందుకు?"

అతడు వదిలాడు. మేనకోడలు నీళ్లలో పడుతుందన్న భయంతో వదిలాడు. బుట్ట ఒరిగి చేపలు తొట్టిలోకి, సిమెంటు మీదికి, జనం కాళ్ల మధ్యకు చిమ్మాయి. పిల్లలు నవ్వుతూ ఎగబడ్డారు. జమున వాళ్లను చూడలేదు. బేసిను ముంచి నీళ్లు పట్టి, కడుపు ఉబ్బిన ఒక రవ్వను రెండు చేతులా ఎత్తి అందులో వేసుకుని, బేసిను నెత్తిన పెట్టుకుని మళ్లీ పైకి ఎక్కింది. చేప తోక ఆమె నుదుటికి కొట్టుకుంటోంది. నీళ్లు ముఖం మీద కారుతున్నాయి. పై గట్టు దాటి వాగులో మోకాలి లోతుకు దిగి బేసిను వంచింది. మట్టినీటిలో ఒక మెరుపు. తర్వాత ఏమీ లేదు.

నవ్వులు ఆగిపోయాయి.

"ఒక్కటి పోయింది" అన్నది జమున, వాగు వైపే చూస్తూ. "నీ లెక్కల ఏస్కో సారూ."

పొద్దుట్నుంచి మీరు అన్న మనిషి ఇప్పుడు నువ్వు అన్నది. సాల్మన్‌కు అది అవమానంగా తోచలేదు. తగిన చోట కూర్చోబెట్టినట్టు ఉంది.

అప్పుడే గట్టు మలుపులో తెల్ల కారు కనిపించింది. చెప్పిన వేళకంటే ముందే వచ్చారు. భానుప్రసాద్ షామియానాలోంచి పరుగున వచ్చి, "మేడం అచ్చిండ్రు సార్. ఏం జెప్తరు?" అని అడిగాడు. ఏం చేయమంటారు అని అతడు అడగలేదు. సాల్మన్ ఆ తేడాను గమనించి, గమనించనట్టు ముందుకు నడిచాడు.

అనుమతుల కమిటీకి అధ్యక్షురాలు మమతారాణి. ఉద్యోగమంతా నీళ్లతోనే గడిపిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె మెట్ల దగ్గరికి వెళ్లి కిందినుంచి చూసింది. బుట్ట ఎవరో తీసేశారు. సందులు బోసిగా, నీళ్లు స్వచ్ఛంగా దూకుతున్నాయి. నడుమ తొట్టిలో మిగిలిన చేపలు మెదులుతున్నాయి. బొమ్మ గీసినట్టు ఉంది. ఆ క్షణంలో చూసినవాళ్లెవరైనా మెట్లు పనిచేస్తున్నాయనే అంటారు.

"బాగుంది సాల్మన్ గారూ" అన్నదామె. "కాగితాల మీద చూడడం వేరు, కళ్లతో చూడడం వేరు."

అతడు ఏదో అనబోయాడు. ఈలోగా సిద్దిరాములు చేతులు జోడించి భోజనానికి పిలిచాడు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు వచ్చాయి. విస్తర్లు పడ్డాయి. భానుప్రసాద్ స్వయంగా అన్నం వడ్డించాడు. చింతపులుసులో ఉడికిన రవ్వ ముక్కలు, పైన ఎర్రని నూనె; మెంతుల వాసన షామియానా అంతా నిండింది. జమున లోపలికి రాలేదు. ఆనకట్ట అంచున కూర్చుని కొంగు పిండుకుంటోంది.

మమతారాణి ముక్కను తుంపి ఆగింది. "ఒక మాట విన్నాను. ప్రారంభం రోజు మీరు ప్రార్థన చేశారట. అందరూ దాని గురించే చెప్పారు. ఈ రోజు కూడా చేయండి. మంచి పనికి ఎవరి దేవుడైతే ఏముంది?"

సాల్మన్ లేచాడు. అలవాటు చొప్పున చేతులు ఒకటైనాయి, కళ్లు మూతపడ్డాయి. మూసిన కళ్ల వెనక తండ్రి కనిపిస్తాడేమో అనుకున్నాడు. సుద్దతో గీసిన బాణం కనిపించింది. నాలుక మీదికి ఆ పాత మాటలే వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కటి కదిపితే మిగతావి వాటంతట అవే నడిచిపోతాయి. అలా ఎన్నిసార్లు నడిచిపోయాయో!

కళ్లు తెరిచాడు. "ఈ అన్నానికి నేను స్తోత్రం చెప్పలేను మేడం."

ముద్దలు కలుపుతున్న చేతులు ఆగాయి.

చెప్పాడు. తొట్టి సంగతి, బుట్ట సంగతి, తాను గీసి చూపించిన దారి సంగతి. పైమెట్టు దగ్గర ఏమీ లేదని చెప్పాడు. మోతెకుంట మడుగుకు చేపలు చేరడం లేదని, అక్కడ రెండో ఆనకట్టకు ఈ మెట్లను సాక్ష్యంగా తీసుకోవద్దని చెప్పాడు. మాటలు నెమ్మదిగా, కుదురుగా వచ్చాయి. చెబుతున్నకొద్దీ లోపల ఏదో తేలికవుతున్నట్టు అనిపించింది.

మమతారాణి తన విస్తరిలోని ముక్కను చూసింది. "పోయినేడు మిరుగానికి మా ఆఫీసుకు వచ్చిన చేపలు?"

"ఇక్కడివే."

"అంతకుముందువి?"

"అవీ ఇక్కడివే మేడం. నేనే పంపాను."

ఆమె విస్తరిలోనే చేయి కడిగేసుకుంది. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు కడుక్కున్నారు. సిద్దిరాములు తలవంచుకుని నిలబడ్డాడు. వండిన అన్నం ముందు ఇంతమంది చేతులు కడుక్కోవడం అతడు ఎన్నడూ చూడలేదు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది మమతారాణి.

"ఈ పొద్దే మేడం. ఇంతకుముందు నాకు తెలియదు."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో సాల్మన్‌కే ఆశ్చర్యం. మిగతాదంతా చెప్పినవాడిని దీన్ని ఎవరు అనుమానిస్తారు?

ఆమె తల ఊపింది. గొంతు మెత్తబడింది, మెత్తబడి, మరో వైపు తిరిగింది. "సరే. మీరు కరీంనగర్‌లో ఉంటారు, మీకు తెలియకపోవచ్చు. కానీ ఈ ఆనకట్టను చూసుకోవడానికే ఒక మనిషి ఉన్నాడు కదా. వారం వారం ఇక్కడికి వచ్చే మనిషి. ఇన్ని వానాకాలాలుగా ఈ బుట్ట అతనికి కనిపించలేదా? కనిపించీ చెప్పలేదా? ఎవరతను?"

కమిటీవాళ్ల చూపులు వెతుక్కుంటూ వెళ్లి, అన్నం గంజుతో వరస చివర నిలబడిన భానుప్రసాద్ మీద ఆగాయి. సాల్మన్‌కు నోరు తెరవడానికి అప్పుడు ఒక అవకాశం ఉంది. తెరవలేదు. నేలను చూశాడు.

భానుప్రసాద్ గంజు కింద పెట్టాడు. గరిటె దానిమీద అడ్డంగా పెట్టాడు. చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు.

"నేనే మేడం. చెప్పిన."

"ఎవరికి?"

"పోయిన మిరుగం తెల్లారి, జీపుల. బుట్ట ముచ్చటంత జెప్పిన. చేప ఒక్కటి గూడ పైకి పోతలేదన్న." అతడు సాల్మన్ వైపు చూడలేదు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాక, తనకు ఉన్న ఒకే ఒక్క వస్తువును బయట పెడుతున్నట్టు చెప్పాడు. "సారు ఏమనలే. కిటికీ అద్దం పైకెత్తిండు."

అద్దం పైకి లేచిన ఆ కిర్రుమన్న చప్పుడు సాల్మన్‌కు గుర్తుంది. వాన జల్లు లోపలికి కొడుతోందని ఎత్తానని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఆ రోజు వాన లేదు.

"సాల్మన్ గారూ" అన్నది మమతారాణి. "ఆయన మీకు చెప్పారా?"

ఆనకట్ట అంచున కొంగు పిండుకుంటున్న జమున చేతులు ఆగాయి. పొద్దుట్నుంచి అతని ముఖం వైపు చూడకుండానే మాట్లాడిన మనిషి, ఇప్పుడు తలెత్తి సూటిగా చూసింది.